ముప్పదిమూడు ఓటముల శిక్షకుడు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు అన్నారు. కట్టడంలో ఉన్న కష్టాన్ని చెప్పడానికి ఆ మాట చాలు. కాని కూలిన ఇంటిని కూలినచోటనే, అందులో నివసించినవారి జ్ఞాపకాలు చుట్టూ మూగి ఉండగా, తిరిగి నిలబెట్టవలసి వచ్చినవాని కష్టానికి సామెత ఏదీ తోచదు.

ఉపాధ్యాయులకు ఈ రెండవ కష్టం అపరిచితం కాదు. ఫలితాలు దిగజారిన పాఠశాలకు కొత్తగా ఒక ప్రధానోపాధ్యాయుడు వస్తాడు. రిజిష్టరులో పేర్లుంటాయి గాని తరగతిలో పిల్లలుండరు. బడి మీద ఊరికి, తమ మీద తమకు నమ్మకం పోయి ఉంటుంది. ఆయన చేసే పని నాలుగైదేండ్లకు గాని కంటికి ఆనదు. ఐనా ఏడాది తిరగకముందే అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: “ఈసారి ఎందరు ప్యాసయ్యారు?” ఆ ప్రశ్న తప్పని అనలేము. కాని ఆ ఒక్క ప్రశ్నతోనే ఒక మనిషి పనిని తూచవచ్చునా అన్నది ఆలోచింపదగిన విషయం.

ఇందుకు అమెరికాలోని ఒక కళాశాల క్రీడాశిక్షకుని కథ మిక్కిలి ఉపకరిస్తుంది. ఆయన పేరు జాక్ లెంగ్యెల్. 1971 నుండి 1974 వరకు ఆయన మార్షల్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడు. ఆ నాలుగేండ్లలో జట్టు గెలిచిన పోటీలు 9, ఓడినవి 33. ఇటువంటి లెక్క చూపిన శిక్షకుని పేరు అమెరికాలో సాధారణంగా మరుసటి ఏటికే మరుగున పడిపోతుంది. లెంగ్యెల్ పేరును మాత్రం అర్ధశతాబ్ది గడచిన తరువాత కూడ ఆ ఊరు మరువలేదు. ఎందువల్లనో తెలియాలంటే కథను కొంచెం ముందునుండి చెప్పుకోవాలి.

అప్పటికే దెబ్బతిన్న జట్టు

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టి, పదకొండుగురు మరొక పదకొండుగురిని ఒరుసుకొంటూ, నూరు గజాల మైదానంలో గజం గజం గెలుచుకొంటూ ముందుకు పోయే ఆట అది. ఎదుటివారిని అడ్డుకొని నిలపడానికి ఒడ్డూ పొడుగూ గల యువకులు కావాలి. తలకు గట్టి టోపీలు, భుజాలకు మెత్తలు కావాలి. ఈ ఆట అక్కడి కళాశాలలకు కేవలం వినోదం కాదు. శరత్కాలం వచ్చిందంటే ప్రతి శనివారం ఊరు ఊరంతా మైదానంలో ఉంటుంది. ఊరికీ కళాశాలకూ మధ్య ఉన్న బంధుత్వం ఆ రోజున కంటికి కనిపిస్తుంది.

మార్షల్ విశ్వవిద్యాలయం పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున, హంటింగ్టన్ అనే పట్టణంలో ఉన్నది. 1837లో చిన్న పాఠశాలగా మొదలై, 1961లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. బొగ్గుగనుల సీమ అది. 1970 నాటికి ఆ పట్టణ జనాభా డెబ్బైవేల పైచిలుకు.

ఆ విశ్వవిద్యాలయపు జట్టుకు అంతకు ముందే మంచిరోజులు పోయినాయి. 1966 నుండి 1969 వరకు వరుసగా 27 పోటీలలో ఒక్క గెలుపు కూడ లేదు. ఇరవై ఆరు ఓటములు, ఒకటి సమానం. అది చాలదన్నట్లు, ఆటగాండ్లను చేర్చుకొనడంలో నియమాలు ఉల్లంఘించారన్న కారణంతో 1969లో ఆ ప్రాంతపు కళాశాలల కూటమి మార్షల్‌ను తొలగించింది. అటువంటి సమయంలో రిక్ టాలీ అనే యువకుడు ప్రధాన శిక్షకుడైనాడు. కూలిన గోడను ఆయన ఒక్కొక్క ఇటుకగా లేపుతూ వచ్చాడు. 1970లో తొమ్మిది పోటీలు ముగిసేసరికి మూడు గెలుపులు. ఆరు ఓటములున్నా, ఏండ్ల తరబడి గెలుపు మొగమే చూడని వారికి మూడు గెలుపులంటే తెల్లవారుజాము వెలుగువంటిది.

ఒక శనివారపు రాత్రి

1970 నవంబరు 14న మార్షల్ జట్టు ఉత్తర కరోలినా రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో ఆడి, 17కు 14 పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఆ సాయంకాలం జట్టు విమానంలో ఇంటికి బయలుదేరింది. వాన, మంచు. హంటింగ్టన్ సమీపంలోని విమానాశ్రయంలో దిగవలసిన విమానం, దిగే బాటకు ఒక మైలు పైచిలుకు ఇవతలనే కొండమీది చెట్లను తాకి కూలిపోయింది. అందులోని 75 మందిలో ఒక్కరూ మిగలలేదు. ఆటగాండ్లు 37 మంది. టాలీతో సహా శిక్షకవర్గంవారు 8 మంది. జట్టును అభిమానించి వెంట వెళ్లిన ఊరిపెద్దలు 25 మంది. విమానానికి సంబంధించినవారు అయిదుగురు.

ఆ ఊరిపెద్దలలో వైద్యులున్నారు, పురపాలక సభ్యుడున్నాడు, శాసనసభ్యుడున్నాడు. పలువురు సతీసమేతంగా వెళ్లినవారు. డెబ్బై మంది పిల్లలు తల్లినో తండ్రినో కోల్పోయారు; వారిలో పద్ధెనిమిది మందికి ఇద్దరూ లేకుండా పోయారు. ఆరుగురు ఆటగాండ్ల శరీరాలను ఎవరివో గుర్తించడం సాధ్యం కాలేదు. వారిని స్ప్రింగ్ హిల్ శ్మశానవాటికలో ప్రక్క ప్రక్కన ఖననం చేశారు.

మిగిలినవారు ఎవరు? దెబ్బ తగిలి ఆనాడు ప్రయాణం మానుకొన్న నేట్ రఫిన్ వంటి కొందరు ఆటగాండ్లు. తండ్రి అంత్యక్రియలకు ఇంటికి వెళ్లిన ఒకడు. జట్టులో చేర్చుకొనదగిన ఒక యువకుణ్ణి చూడడానికి విమానం వదలి కారులో వెళ్లిన రెడ్ డాసన్ అనే సహాయ శిక్షకుడు. ఆ దుర్వార్త డాసన్ చెవిని పడింది కారులోని రేడియో ద్వారా. తాను స్వయంగా ఇండ్లకు వెళ్లి, తల్లిదండ్రులకు నచ్చజెప్పి తెచ్చిన కుర్రవాండ్లలో ఎందరో ఆ విమానంలో ఉన్నారు. తరువాతి దినాలలో ఆయన అంత్యక్రియ తరువాత అంత్యక్రియకు తిరిగాడు.

ఆపవలెనా, ఆడవలెనా?

శోకం కొంత సద్దుమణిగిన పిమ్మట విశ్వవిద్యాలయం ముందు ఒక ప్రశ్న నిలిచింది. ఈ ఆటను ఇంతటితో విరమించవలెనా, లేక కొనసాగించవలెనా? రెండు పక్షాలకూ న్యాయం ఉన్నది. ఇంతమంది పోయిన మైదానంలో మళ్లీ బాజాలు మ్రోగించడం పోయినవారికి అపచారం కాదా అన్నది ఒక మాట. ఆట ఆపితే పోయినవారు చేసిన ప్రయత్నమంతా ఆ కొండమీదనే ముగిసిపోయినట్లు కాదా అన్నది మరొక మాట. బయటివారికి ఏది సబబని తోచినా, మిగిలిన ఆటగాండ్లు మాత్రం ఆడతామన్నారు. తాత్కాలిక అధ్యక్షుడు డొనాల్డ్ డెడ్‌మన్ హయాంలో, జట్టును కొనసాగించడానికే విశ్వవిద్యాలయం నిశ్చయించింది.

నిశ్చయం ఒక ఎత్తు. నిర్వహించేవాడు దొరకడం మరొక ఎత్తు. మొదట నియమితుడైన డిక్ బెస్ట్‌విక్ కొద్ది రోజులకే ఆ ఉద్యోగం వదలుకొని తన పాత కళాశాలకు వెళ్లిపోయాడు. ఆయనను తప్పు పట్టవలసిన పని లేదు. ఆ బరువు ఎటువంటిదో చెప్పడానికి ఆ ఒక్క విషయం చాలు. అప్పుడు, 1971 మార్చిలో, ఒహాయో రాష్ట్రంలోని వూస్టర్ కళాశాల అనే చిన్న విద్యాలయంలో శిక్షకుడుగా ఉన్న లెంగ్యెల్ వచ్చి ఆ బాధ్యతను భుజాన వేసుకొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు నలుబది దాటలేదు. ఋతువు ఆరంభానికి సుమారు ఆరు నెలలే ఉన్నాయి.

ఉన్నవారితోనే పాఠం

ఆ రోజులలో అమెరికా కళాశాలలలో ఒక నియమం ఉండేది. మొదటి సంవత్సరపు విద్యార్థులు ఫుట్‌బాల్ ప్రధాన జట్టులో ఆడరాదు. వారికి వేరే జట్టు ఉండేది. 1970లో మార్షల్‌లో చేరిన కొత్త విద్యార్థులు ఆ నియమం వల్లనే ఆ విమానం ఎక్కలేదు. వారి ప్రాణాలను నిలిపిన నియమమే 1971లో జట్టుకు ఆటంకమైనది. అప్పటికి రెండవ సంవత్సరంలో ఉన్న ఆ విద్యార్థులు, మిగిలిన కొద్దిమంది పాతవారు కలిసినా జట్టు నిండదు. ఆ ఏడు కొత్తగా చేరబోయేవారిని కూడ ఆడించనిదే పని జరుగదు. విశ్వవిద్యాలయం విన్నవించుకోగా, కళాశాలల జాతీయ క్రీడాసంఘం మార్షల్‌కు ఆ నియమాన్ని సడలించింది. 1972లో ఆ నియమం దేశమంతటా తొలగిపోయినది గాని, 1971లో మాత్రం అది ఒక అసాధారణమైన అనుమతి.

ఐనా సంఖ్య చాలలేదు. బంతిని తన్నే పనికి సాకర్, అనగా మనం ఎరిగిన ఫుట్‌బాల్, ఆడే బ్లేక్ స్మిత్ వచ్చాడు. బాస్కెట్‌బాల్ ఆడేవారిని పిలిచారు. ఎన్నడూ కళాశాల ఆట ఆడనివారు తామై వచ్చి ప్రయత్నించారు. పద్ధెనిమిదేండ్ల వారు ఇరవై రెండేండ్ల వారిని ఢీకొనవలసిన జట్టు అది. దానికి ఊరివారు పెట్టుకొన్న ముద్దుపేరే “కుర్ర” జట్టు.

ఉపాధ్యాయులు శ్రద్ధగా గమనింపవలసిన ఘట్టం ఇక్కడ వస్తుంది. లెంగ్యెల్ తనకు అలవాటైన ఒక ఆట పద్ధతితో వచ్చాడు. వసంతకాలపు సాధనలో అది ఈ కుర్రవాండ్లకు పొసగదని త్వరలోనే తేలిపోయింది. ఆ పద్ధతికి బలిష్ఠులు కావాలి, వీరు లేతవారు. అటువంటప్పుడు శిక్షకుని ముందు రెండు దారులుంటాయి. “నా పాఠం మంచిదే, పిల్లలే మంచివారు కారు” అని చేతులు దులుపుకొనడం ఒకటి. పిల్లలకు తగిన పాఠాన్ని వెదకి, ముందు తాను నేర్చుకొనడం రెండవది. లెంగ్యెల్ రెండవ దారిని ఎన్నుకొన్నాడు.

ఆ రోజులలో “వీర్” అనే ఒక పద్ధతి ప్రచారంలోకి వస్తున్నది. దాని కిటుకు ఇది. ఎదుటి వరుసలోని ఒక బలశాలిని కావాలనే అడ్డుకొనకుండ వదలుతారు. బంతి చేతబట్టిన నాయకుడు అతడు ఏ వైపు కదలుతాడో కనిపెట్టి, ఆ క్షణంలోనే నిర్ణయం చేస్తాడు: బంతిని తోడివానికి అందించుటా, తానే పట్టుకొని ప్రక్కకు పరుగెత్తుటా, బయట పరుగెడుతున్న మరొకనికి విసరుటా అని. ఎదుటివాడు ఎటు వచ్చినా అతడు వదలిన వైపుకు బంతి పోతుంది. కండబలంలో వెనుకబడినవారు చురుకుదనంతో ఆ కొరతను కొంత తీర్చుకొనడానికి ఈ పద్ధతి వీలిస్తుంది.

ఆ విద్య తెలిసినవాడు దగ్గరలోనే ఉన్నాడు. ఆయన బాబీ బౌడెన్. అదే రాష్ట్రంలోని పెద్ద సంస్థ అయిన పశ్చిమ వర్జీనియా విశ్వవిద్యాలయానికి శిక్షకుడు. ఆటలో ఒక శిక్షకుడు తన వ్యూహాల పుస్తకాన్ని ప్రక్కవానికి చూపడమంటే, పాకశాస్త్రంలో ఆరితేరినవాడు తన మసాలా పాళ్లు బయటపెట్టినంత పని. బౌడెన్ ఆ పని చేశాడు. లెంగ్యెల్‌కు, ఆయన సహాయకులకు తలుపులు తెరచి, తమ ఆటల చలనచిత్రాలను, వ్యూహాల వ్రాతలను చూడనిచ్చాడు. ఆయన జట్టువారు తమ టోపీలమీద ఆకుపచ్చ శిలువను, మార్షల్ పేరులోని తొలి అక్షరాలను ధరించి మృతులకు శ్రద్ధాంజలి ఘటించారు. విద్యలో పోటీ ఉండవచ్చు. కాని పొరుగు బడి కాలిపోయినప్పుడు మన బడి పుస్తకాలు పంచుకొనడమే విద్యాధర్మం.

రెడ్ డాసన్ కూడ ఒక్క ఏడు ఉండి సహాయపడ్డాడు. కొత్త పిల్లలకు పాత జట్టుతో మిగిలిన బంధాలలో ఆయన ఒకడు. ఆ ఏడు ముగియగానే శిక్షకవృత్తిని శాశ్వతంగా వదలిపెట్టాడు. పునర్నిర్మాణం చేసేవారిలో అందరి గాయాలూ మానవు. కొందరు గాయంతోనే ఇటుకలు మోసి, పని కాగానే ప్రక్కకు తప్పుకొంటారు. వారిని కూడ నిర్మాతలుగానే ఎంచాలి.

పదమూడు గజాలు

1971 సెప్టెంబరు 18న కుర్ర జట్టు తొలి పోటీ ఆడి, మోర్‌హెడ్ జట్టు చేతిలో 29కి 6 పాయింట్లతో ఓడింది. వారం తరువాత, సెప్టెంబరు 25న, సొంత ఊరిలో జేవియర్ విశ్వవిద్యాలయంతో పోటీ. దుర్ఘటన తరువాత ఆ మైదానంలో జరిగిన మొదటి పోటీ అదే.

ఆ రోజున కుర్రవాండ్లు ఎవరూ ఊహింపని విధంగా నిలిచి పోరాడారు. ఆట చివరకు వచ్చేసరికి జేవియర్‌కు 13, మార్షల్‌కు 9. గడియారంలో ఇక ఒక్క ఎత్తుకు మాత్రమే సమయం మిగిలింది. గీతకు 13 గజాల దూరం. బంతి అందుకొన్న రెజీ ఆలివర్ ఒక వైపుకు కదలుతున్నట్లు కనిపించి, ఎదుటివారిని అటు లాగి, రెండవ వైపున ఉన్న టెరీ గార్డ్‌నర్‌కు బంతిని విసరాడు. గార్డ్‌నర్ మొదటి సంవత్సరపు విద్యార్థి. నియమం సడలించకపోతే ఆ రోజు మైదానంలో అడుగుపెట్టే అర్హత లేనివాడు. అతడు బంతితో గీత దాటాడు. సమయం ముగిసింది. 15కు 13.

ప్రేక్షకులు మైదానంలోకి ఉరికారు. చాలాసేపటివరకు ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. పదినెలలుగా ఆ ఊరు కలిసి ఏడ్చింది. ఆ సాయంకాలం కలిసి సంతోషించింది. ఆ సంతోషంలోను కన్నీరున్నది.

చలనచిత్రమైతే కథ ఇక్కడ ముగుస్తుంది. నిజానికి 2006లో ఈ గాథను హాలీవుడ్‌వారు “వుయ్ ఆర్ మార్షల్” అనే పేరుతో తీసినప్పుడు, ఈ గెలుపునే పతాక సన్నివేశం చేశారు. కాని బడికి మరునాడు కూడ గంట కొట్టాలి కదా!

గెలుపు తరువాతి దినాలు

ఆ గెలుపు తరువాతి వారమే మయామీ అనే ఒహాయో రాష్ట్రపు విశ్వవిద్యాలయం చేతిలో ఈ జట్టు 66కు 6 పాయింట్లతో చిత్తుగా ఓడింది. తరువాత కొన్ని పోటీలలో ఒక్క పాయింటు కూడ రాలేదు. అక్టోబరు 30న బౌలింగ్ గ్రీన్ మీద 12కు 10తో మరొక గెలుపు లభించింది. అంతే. ఆ ఏటి లెక్క రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు. 1972లో మళ్లీ రెండే. 1973లో నాలుగు, కొంత ఆశ. 1974లో ఒక్కటి, పది ఓటములు. ఆ ఏటితో లెంగ్యెల్ మార్షల్‌ను వదలి వెళ్లాడు.

ఆయన నాటిన చెట్టు మరుసటి ఏడే కాపుకు వచ్చిందని చెప్పగలిగితే కథ అందంగా ఉండేది. అట్లా జరగలేదు. ఆయన వెళ్లిన తరువాత కూడ సుమారు పదేండ్లు ఆ జట్టు ఓడుతూనే ఉన్నది. గెలుపులు ఓటములను మించిన సంవత్సరం 1984లో గాని రాలేదు. అప్పుడైనా ఆరు గెలుపులు, అయిదు ఓటములు మాత్రమే. అటువంటి సంవత్సరం 1964 తరువాత అదే మొదటిది. ఆ పిమ్మటనే రోజులు మారినాయి. 1992లోను, 1996లోను మార్షల్ తన శ్రేణిలో జాతీయ విజేత అయింది. 1990 దశకంలో మొత్తం 114 పోటీలు గెలిచి, ఆ దశాబ్దంలో అత్యధిక విజయాలు పొందిన కళాశాల జట్టుగా పేరుగాంచింది.

ఆ విజయాలన్నీ లెంగ్యెల్ ఖాతాలో వ్రాయడం న్యాయం కాదు. వాటిని సాధించిన శిక్షకులు వేరు, ఆటగాండ్లు వేరు, వారి శ్రమ వేరు. కాని ఒక మాట అడుగవచ్చు. 1971లో ఆ మైదానంలో ఎవరూ ఆడి ఉండకపోతే, 1992లో ఆడడానికి జట్టు ఏది? మధ్యలో తెగిన తాడును ముడివేసినవాడు ఆ తాడుతో నీళ్లు తోడినవాడు కాకపోవచ్చు. ఆ తరువాత తోడిన ప్రతి చేదా ఆ ముడిమీదనే పైకి వచ్చింది.

మొదట చెప్పుకొన్న ప్రశ్నకు ఇక్కడ సమాధానం దొరుకుతుందనుకొంటాను. “ఎన్ని గెలిచావు?” అన్న ప్రశ్న నడుస్తున్న బండిని కొలవడానికి పనికివస్తుంది. బండి విరిగి, ఎద్దులు పోయి, బాటే మిగిలినప్పుడు ఆ కొలత పొసగదు. అప్పుడు అడుగవలసిన ప్రశ్న వేరు: “నీవు వెళ్లిపోయిన తరువాత ఈ పని సాగుతుందా?” 9 గెలుపుల, 33 ఓటముల లెంగ్యెల్ ఈ రెండవ ప్రశ్నకు అవునని చెప్పగలడు. ప్రభుత్వ పాఠశాలలలో, మారుమూల కళాశాలలలో, మూతబడబోయే తరగతిని నలుగురు పిల్లలతో నడిపిన ఉపాధ్యాయులు మన మధ్య కూడ ఎందరో ఉన్నారు. ఆ నలుగురిలో ఎవరికీ పతకం రాకపోవచ్చు. తలుపు మాత్రం మూతబడలేదు.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 1972 నవంబరు 12న ఒక స్మారక జలయంత్రాన్ని ప్రతిష్ఠించారు. శిల్పి హారీ బెర్టోయా. ఏటా నవంబరు 14న ఊరివారు, విద్యార్థులు అక్కడ చేరి, పోయినవారి పేర్లు చదివి, ఆ నీటిని ఆపుతారు. చలికాలమంతా అది ఎండి నిలిచి ఉంటుంది. వసంతం రాగానే నీటిని మళ్లీ వదలుతారు. 1971 జట్టుకు నాయకులలో ఒకడైన నేట్ రఫిన్ 2001లో మరణించినప్పుడు, స్ప్రింగ్ హిల్‌లో గుర్తు తెలియని ఆ ఆరుగురి చెంతనే ఆయనకు స్థలం ఇచ్చారు. ముప్పై ఏండ్ల తరువాత అతడు తన జట్టును చేరుకొన్నాడు.